బయటి పల్సుల లెక్కను టైమరునకు అప్పగించుట

1909లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున, రూథర్‌ఫర్డు ప్రయోగశాలలో, హాన్స్ గైగర్, ఎర్నెస్ట్ మార్స్‌డెన్ అను పరిశోధకులిరువురు లోహపు రేకులను తాకి వెనుకకు మరలిన ఆల్ఫా కణములను లెక్కించుచుండిన కాలమున, వారికి గల గణనసాధనము వారి కన్నులే. చీకటిగదిలో కూర్చుండి, చూపు ఆ చీకటికి అలవడు వరకు వేచియుండి, జింక్ సల్ఫైడ్ పూసిన తెరను ఒక్కొక్క కణము తాకినప్పుడు పుట్టు మిణుకును సూక్ష్మదర్శినిగుండా పట్టి, ఒకటి, రెండు, మూడు అని యెంచుకొనవలసి యుండెను. కన్ను అలసినచో లెక్క తప్పును. రెప్ప వాల్చినచో తప్పును. మిణుకులు దట్టముగా వచ్చినచో ఎంత ఏకాగ్రత గలవానికైనను తప్పును. ఈ అవస్థను తొలగింపబూనినవారిలో కేంబ్రిడ్జియందలి కావెండిష్ ప్రయోగశాలకు చెందిన విన్-విలియమ్స్ ముఖ్యుడు. ఆయన 1932లో ప్రకటించిన సాధనమునందు థైరాట్రానులను వాయువు నింపిన నాళికలు అంచెలంచెలుగా అమర్చబడి యుండెను. ప్రతి అంచెయు తనకు వచ్చిన రెండేసి పల్సులకు ఒక్కొక్కదానిని మాత్రమే తరువాతి అంచెకు పంపును గనుక, కొన్ని అంచెలు దాటునప్పటికి వేగము సగములో సగమై తగ్గిపోయి, చివరనున్న మందగమనపు యాంత్రిక గణకము సైతము దానిని సులభముగా అందుకొనగలిగెడిది.

ఇప్పుడు మన బల్లమీదనుండు మైక్రోకంట్రోలరులోని 16 బిట్ల టైమరు ఆ వంశమునకు చెందినదే. ప్రతి బిట్టు తన క్రింది బిట్టు రెండుమార్లు మారినప్పుడు తానొకమారు మారును. అట్టివి పదునారు చేరి 0 మొదలు 65,535 వరకు లెక్కించును. ఇట్టి సాధనము చిప్పులోనే సిద్ధముగా నుండగా, క్రొత్తగా ఈ విద్యకు వచ్చినవారిలో పెక్కుమంది మరల ఆ చీకటిగదిలోనికే పోయి కూర్చుండుట నాకు వింతగా తోచును. పిన్ను ఎత్తున నున్నదా, పల్లమున నున్నదా అని లూపులో పదేపదే చూచుచుండు ప్రోగ్రాము అట్టిదే. డిస్‌ప్లేమీద ఒక పంక్తి వ్రాయుటకు ఆ ప్రోగ్రాము ప్రక్కకు తిరిగినంతలో వచ్చి పోయిన పల్సులు ఎవరి లెక్కకును రావు. పల్సు పల్సునకు ఇంటరప్టు పుట్టించుట దానికంటె మేలైన పద్ధతియే. కాని, ఒక్కొక్క ఇంటరప్టునకు కొన్ని మైక్రోసెకన్లు వ్యయమగును గనుక, సెకనుకు లక్ష పల్సులు వచ్చు తావున ప్రాసెసరు కాలములో పెద్ద భాగము దానికే చెల్లిపోవును. లెక్కించుట ప్రాసెసరు పని కాదు. అది టైమరు పని. ప్రోగ్రాము వ్రాయువాడు చేయవలసినదెల్ల, లెక్కకు అర్హమైన సంకేతమునే టైమరునొద్దకు పంపుటయు, అడుగవలసిన సమయమున దానిని సరిగా అడుగుటయు మాత్రమే. ఈ అధ్యాయము ఆ రెండు పనులను గూర్చినది.

ఉదాహరణముగా ఆర్డుయినో ఊనో బోర్డుమీద నుండు ఆట్‌మెగా 328పి చిప్పును తీసికొందము; లెక్కించుటకు మన ఇంటి గోడమీది కరెంటు మీటరునందలి ఎర్రని దీపమును తీసికొందము. ఆ మీటరు ముఖముమీద యూనిట్టు ఒక్కింటికి ఎన్ని వెలుగులో ముద్రింపబడి యుండును. మన ఇండ్లలోని పెక్కు మీటర్లపై ఆ సంఖ్య 3200గా కనబడును, వేరొక సంఖ్యయున్నచో దానినే గ్రహింపవలెను. 3200 వెలుగులు ఒక యూనిట్టు గనుక, ఒక్కొక్క వెలుగు 0.3125 వాట్-అవర్ల వాడకమునకు గుర్తు. ఫోటోట్రాన్సిస్టరును ఆ దీపమునకెదురుగా అద్దమునకు వెలుపలనే అంటించి పని జరుపవలెను. మీటరు సీలును తాకుట 2003 నాటి విద్యుత్ చట్టము క్రింద నేరమగును గనుక, లోపలి తీగెల జోలికి పోవు ఆలోచనయే కూడదు. సెకనుకు ఒకటి రెండు మారులు వెలుగు దీపమునకు ఇంతటి సన్నాహ మెందుకని ఎవరైనను అడుగవచ్చును, ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇంత మందమైన పల్సునకు ఇంటరప్టు చాలును. అయినను నేర్చుకొనువానికి మందమైన పల్సే ఉత్తమగురువు, ఏలయన టైమరు లెక్కను తన కంటి లెక్కతో పోల్చి చూచుకొనవచ్చును. ఇక్కడ సరియైన అమరికయే పది లక్షల పల్సులకును సరిపోవును.

ఈ చిప్పునందు మూడు టైమర్లు గలవు. వానిలో టైమరు 0, టైమరు 1 అను రెంటికి మాత్రమే బయటి పల్సును గ్రహించు పిన్నులు గలవు: మొదటిదానికి టీ0, అది ఊనోమీద 4వ పిన్ను, రెండవదానికి టీ1, అది 5వ పిన్ను. టైమరు 2నకు ఇట్టి పిన్ను లేదు. అది గడియారపు స్ఫటికముతో నడచుటకు వేరు ఏర్పాటు గలది. టైమరు 0 ఎనిమిది బిట్లది. అంతేగాక ఆర్డుయినోలో మిల్లీసెకన్ల లెక్కయు, డిలే ఫంక్షనును దానిమీదనే ఆధారపడియున్నవి గనుక, దానిని కదపినవాడు తన ప్రోగ్రాములోని కాలజ్ఞానమునంతటిని పోగొట్టుకొనును. కావున టైమరు 1నే గ్రహింపవలెను. దానికిని మూల్యము లేకపోలేదు: 9, 10 పిన్నులమీది అనలాగ్‌రైటు అప్పటినుండి పనిచేయదు, సర్వో లైబ్రరీయు అదే టైమరును కోరును. ఒకే ప్రాజెక్టులో సర్వో మోటారును, పల్సుల లెక్కను కలుపదలచినవారు ఈ సంగతిని తీగెలు అతుకుటకు పూర్వమే ఆలోచించుకొనవలెను.

రిజిస్టర్ల అమరికలో క్రమము ప్రధానము. టీసీసీఆర్1ఎ అను రిజిస్టరులో మొట్టమొదట సున్న వ్రాయవలెను. ఈ ఒక్క పంక్తిని విడిచిపెట్టిన ప్రోగ్రాములు లెక్కకు మిక్కిలి. ఆ దోషమును కనుగొనలేక తీగెలను, సెన్సారును, తుదకు బోర్డును మార్చి చూచువారును కలరు. కారణమిది: మీ ప్రోగ్రాము మొదలగుటకు పూర్వమే ఆర్డుయినో తన ప్రారంభవిధిలో టైమరు 1ను పీడబ్ల్యూఎం కొరకు ఎనిమిది బిట్ల ఫేజ్-కరెక్ట్ రీతిలో అమర్చియుంచును. ఆ రీతిలో లెక్క 255 వరకు ఎక్కి, మరల సున్నకు దిగి, మరల ఎక్కుచుండును. సంఖ్య పెరిగి పెరిగి 255 దాటక వెనుకకు నడచుట మీకు కనబడినచో, అది సెన్సారు తప్పు కాదు, టీసీసీఆర్1ఎ లో మిగిలియున్న ఒక్క బిట్టు ఫలము. పిదప టీసీసీఆర్1బి లోను సున్న వ్రాసి టైమరును నిలిపివేయవలెను. టీసీఎన్‌టీ1 అను లెక్కపుస్తకమును సున్న చేయవలెను. టీఐఎఫ్ఆర్1 లోని టీఓవీ1 అను ఓవర్‌ఫ్లో జెండాను చెరిపివేయవలెను. ఈ జెండా ఒకటి వ్రాసినచో చెరుగును గాని సున్న వ్రాసినచో చెరుగదు. రిజిస్టరును చదివి, ఒక బిట్టును కలిపి, తిరిగి వ్రాయు అలవాటు గలవారు ఇచ్చట జాగ్రత్త వహింపవలెను. అట్లు చేసినచో అప్పటికి ఎగిరియున్న తక్కిన జెండాలన్నియు దానితోపాటే చెరిగిపోవును. అటుపిమ్మట, అన్నిటికంటె చివర, టీసీసీఆర్1బి లోని సీఎస్12, సీఎస్11, సీఎస్10 అను మూడు బిట్లను నింపవలెను. ఆ మూడును ఒకటియైనచో సంకేతము పైకి లేచునప్పుడు లెక్క పెరుగును. 1, 1, 0 అయినచో క్రిందికి దిగునప్పుడు పెరుగును. తక్కిన విలువలన్నియు చిప్పు సొంత గడియారమును విభజించి వాడుటకో, టైమరును ఆపుటకో ఏర్పడినవి. బయటి పల్సునకు ప్రీస్కేలరు వర్తింపదు. వచ్చిన ప్రతి పల్సును లెక్కలోనికి పోవును.

లేచు అంచును ఎన్నుకొనవలెనా, దిగు అంచునా యను మీమాంసకు అనేకులు అర్హమైనదానికంటె ఎక్కువ కాలము వెచ్చింతురు. ప్రతి పల్సును ఒకమారు లేచి ఒకమారు దిగును గనుక, మొత్తము లెక్కకు ఏది యైనను ఒక్కటే. ఫోటోట్రాన్సిస్టరు పిన్నుకును గ్రౌండుకును నడుమ నుండగా వెలుగు పడినప్పుడు పిన్ను క్రిందికి దిగును. కావున దిగు అంచును గ్రహించుట సహజముగా నుండును, అంతకుమించిన రహస్యము లేదు. సంకేతము అదురుచున్నచో అంచు మార్చుట వలన ప్రయోజనము శూన్యము. అదరిన ప్రతిమారును అది లేచి దిగుచునే యున్నది, ఏ అంచును అడిగినను దొంగలెక్క సమానముగానే చేరును.

ఈ టైమరు బయటి సంకేతమును నేరుగా తన గడియారముగా వాడుకొనదని తెలిసికొనుట అవసరము. చిప్పు గడియారము కొట్టిన ప్రతిమారును పిన్ను స్థితిని ఒక్కమారు చూచి, మునుపటి స్థితితో పోల్చి, మార్పు కనబడినప్పుడే లెక్కను పెంచును. అంచు వచ్చినప్పటినుండి లెక్క పెరుగుటకు రెండున్నర మొదలు మూడున్నర గడియారపు ఘాతముల కాలము పట్టును. 16 మెగాహెర్ట్జుల గడియారమున ఒక్కొక్క ఘాతము 62.5 నానోసెకన్లు. ఎత్తు స్థితియు, పల్ల స్థితియు ఒక్కొక్కటి అంతకంటె ఎక్కువ కాలము నిలిచియుండనిచో అది ఉన్నట్లే టైమరునకు తెలియదు. సిద్ధాంతమున గడియారపు వేగములో సగమువరకు లెక్కింపవచ్చునని తోచినను, స్ఫటికముల తేడాలను, ఎత్తుపల్లముల కాలములలోని అసమానతను దృష్టియందుంచుకొని తయారీదారులు రెండున్నరవ వంతునకు లోబడియుండుమని చెప్పుదురు, అనగా 6.4 మెగాహెర్ట్జులు. సెకనుకు ఎన్ని పల్సులు వచ్చుచున్నవనుటతోపాటు, వచ్చినది ఎంతసేపు నిలిచినదనియు చూడవలెను. సెకనుకు ఒకటే వచ్చు పల్సైనను 40 నానోసెకన్లలో ముగిసిపోవునదైనచో, ఒకమారు చిక్కును, మరియొకమారు చిక్కదు.

మన ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో చిరకాలముగా నేర్పబడుచున్న, ఇంటెల్ సంస్థ 1980లో వెలువరించిన 8051 చిప్పునందును ఇదే సూత్రము, కాని వేగము తక్కువ. దాని టీమాడ్ రిజిస్టరులో క్రింది సగమున 5 వ్రాసినచో టైమరు 0 పదునారు బిట్ల కౌంటరుగా మారి, పీ3.4 పిన్నున దిగు అంచులను లెక్కించును. పిన్నును అది మెషీన్ సైకిలునకు ఒక్కమారే చూచును, ఆ సైకిలు పండ్రెండు ఘాతములది. ఒక అంచును గుర్తించుటకు రెండు సైకిళ్లు కావలెను. అందువలన 12 మెగాహెర్ట్జుల స్ఫటికముతో సెకనుకు 5 లక్షలే దాని పరమావధి.

ఇక సంకేతశుద్ధి. కౌంటరు సత్యసంధము, కాని వివేకరహితము. ప్రక్కనున్న మోటారు స్విచ్చు వేసినప్పుడు తీగెలో పుట్టిన కంపమును సైతము అది అంతే శ్రద్ధతో లెక్కించును. అదే టైమరునకు చెందిన ఇన్‌పుట్ క్యాప్చరు పిన్నునకు, వరుసగా నాలుగు నమూనాలు ఏకీభవించినగాని మార్పును అంగీకరింపని శబ్దనివారకము గలదు. టీ1 పిన్నునకు అట్టి కాపుదల లేదు. ఇంటరప్టులో ప్రోగ్రాము వ్రాయువాడు, ఈ పల్సు మునుపటిదానికి మరీ సమీపమున వచ్చినది గనుక దీనిని విడుతునని నిర్ణయింపగలడు. టైమరునకు అప్పగించినవానికి ఆ అవకాశము లేదు. శుద్ధి అంతయు పిన్నునకు వెలుపలనే జరుగవలెను. మీటరు దీపమునకు ఇది కష్టము కాదు: పది కిలోఓముల రెసిస్టరును, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును వడపోతగా అమర్చినచో కాలస్థిరాంకము ఒక మిల్లీసెకను అగును, ఇంటి వాడకమున దీపము సెకనుకు పది మారులు వెలిగినను దానికి బాధ కలుగదు. రీడ్ స్విచ్చు వంటి లోహపు స్పర్శలు గల సెన్సార్లకు ఇంతకు పలురెట్ల కాలము కావలెను, ఏలయన ఆ స్పర్శలు స్థిరపడుటకు ముందు కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి పడుచుండును. వడపోత వలన అంచులు మందగించును. మందగించిన అంచు మీద చిన్న కంపము చేరినను పిన్ను పలుమారులు అటునిటు ఊగును. దానికి మందు ష్మిట్ ట్రిగ్గరు, లేచుటకొక హద్దును, దిగుటకు అంతకంటె తక్కువైన మరియొక హద్దును గల వలయము. ఆటో ష్మిట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, స్క్విడ్ అను సముద్రజీవి నరములలో సంకేతములు సాగు తీరును పరిశోధించుచు, విద్యార్థిగా నున్నప్పుడే 1934లో దీనిని రూపొందించెను. ఆట్‌మెగా పిన్నులలోను ఈ గుణము కొంత గలదు. పొడవైన తీగెలు, మందమైన అంచులు ఉన్న తావున 74హెచ్‌సీ14 చిప్పును నడుమ ఉంచుటయే నా సలహా.

లెక్కను చదువునప్పుడు చేయకూడనిది ఒకటి గలదు: చదివినప్పుడెల్ల టీసీఎన్‌టీ1ను సున్న చేయుట. చదువుటకును చెరుపుటకును నడుమ వచ్చిన పల్సు శాశ్వతముగా పోవును. నెలనెలా మన ఇంటికి వచ్చు రీడింగు మనిషి మీటరును సున్న చేసి పోవునా? కిందటి నెల అంకెను ఈ నెల అంకెనుండి తీసివేసి బిల్లు ఇచ్చును. మనమును అట్లే చేయవలెను. గుర్తులేని 16 బిట్ల సంఖ్యలలో తీసివేతను జరిపినచో, నడుమ ఒకమారు లెక్క 65,535 దాటి సున్నకు తిరిగినను ఫలితము సరిగానే వచ్చును: మునుపు 65,500, ఇప్పుడు 20 అయినచో తేడా 56. రెండు చదువుల నడుమ 65,536 పల్సులు నిండకున్న చాలును. మీటరు విషయమున అది 20.48 యూనిట్లు, కావున గంటకొకమారు చూచువానికి ఓవర్‌ఫ్లో బెంగయే అక్కరలేదు.

మెగాహెర్ట్జులలో లెక్కించువారికి మాత్రము ఆ బెంగ తప్పదు. టీఐఎంఎస్‌కే1 లోని టీఓఐఈ1 బిట్టును ఎత్తి, ఓవర్‌ఫ్లో అయిన ప్రతిమారు ఒక చరరాశిని పెంచవలెను. ఇచ్చట సూక్ష్మమైన గోతి ఒకటి గలదు. ఎనిమిది బిట్ల చిప్పు 16 బిట్ల సంఖ్యను రెండు విడతలుగా చదువును. క్రింది బైటును చదివినంతనే పై బైటు ఒక తాత్కాలిక రిజిస్టరులో భద్రపడును గనుక, నడుమ లెక్క మారినను చిక్కు లేదు. కాని, నడుమ ఒక ఇంటరప్టు వచ్చి అదే టైమరు యొక్క 16 బిట్ల రిజిస్టరును ముట్టినచో ఆ తాత్కాలిక నిధి మారిపోవును. అందువలన ఇంటరప్టులను నిలిపి చదువుట విధి. అట్లు నిలిపిన క్షణముననే లెక్క 65,535 దాటెననుకొనుడు: టీసీఎన్‌టీ1 చిన్న సంఖ్యను చూపును, ఇంటరప్టు ఆగియున్నది గనుక చరరాశి ఇంకను పెరుగలేదు; మీ మొత్తమున 65,536 పల్సులు మాయమగును. కావున లెక్కను చదివిన పిమ్మట టీఓవీ1 జెండాను చూచి, అది ఎగిరియుండి లెక్క చిన్నదిగా నున్నచో చరరాశికి ఒకటి కలుపుకొనవలెను. ఏడాదికొకమారు కనబడి మాయమగు దోషములు ఇట్టి చోటులనుండియే పుట్టును.

ఎంతకాలమునకు ఒకమారు చదువవలెనను ప్రశ్నకు సమాధానము పల్సుల వేగమును బట్టి యుండును. లెక్కయందు ఒక పల్సు అటో ఇటో ఎల్లప్పుడును సందిగ్ధము. ఇంటిలో ఒక కిలోవాటు వాడకమున్నప్పుడు దీపము 1.125 సెకన్లకు ఒకమారు వెలుగును. ఒక్కొక్క సెకను లెక్కించినచో సున్నయో ఒకటియో వచ్చును, దానివలన తెలియునది స్వల్పము. నిమిషము లెక్కించినచో 53 లేక 54. తప్పు సుమారు నూటికి రెండు. పదునైదు నిమిషములు లెక్కించినచో 800. తప్పు వేయింటికి ఒకటికంటె కొంచెము ఎక్కువ. క్షణక్షణపు వాడకమునే తెలిసికొనగోరినవారు లెక్కించుట మాని, రెండు వెలుగుల నడుమ కాలమును కొలుచుటయే యుక్తము. అది ఇన్‌పుట్ క్యాప్చరు పని, దాని విధానము వేరు.

సెన్సారును తగిలించుటకు ముందు అమరికను పరీక్షించుకొను ఉపాయమొకటి ఈ చిప్పులోనే గలదు. టీ1 పిన్నును అవుట్‌పుట్‌గా మార్చినను దానిమీది మార్పులను టైమరు లెక్కించుచునే యుండును. కావున తీగె ఒక్కటియు లేకుండ, ఆ పిన్నును ప్రోగ్రాముతోనే వేయిమారులు ఎత్తి దింపి, టీసీఎన్‌టీ1 వేయి చూపునో లేదో చూడవచ్చును. పరీక్ష ముగియగానే దానిని మరల ఇన్‌పుట్ చేసి, లోపలి పుల్-అప్‌ను వేయవలెను. అది 20 మొదలు 50 కిలోఓముల వరకు ఉండును గనుక, పొడవైన తీగెకు బయట మరియొక చిన్న విలువగల రెసిస్టరును చేర్చుట మంచిది.

బ్యాటరీతో నడుపువారికొక మాట. పవర్-డౌన్ నిద్రలో చిప్పు గడియారము ఆగును. పిన్నును చూచువాడే లేడు గనుక లెక్కయు ఆగును. ఐడిల్ నిద్రలో మాత్రము ప్రాసెసరు నిద్రించినను టైమరు మేల్కొనియుండును. ఎట్లు నడిపినను, మీటరు ముఖముమీది అంకె ఒక యూనిట్టు పెరుగునంతవరకు వేచి, మీ లెక్కను సరిచూచుకొనుడు: 3200నకు మించినచో వడపోతను పెంచవలెను, తగ్గినచో ఫోటోట్రాన్సిస్టరును దీపమునకు సరిగా ఎదురుగా జరిపి, బయటి వెలుతురు సోకకుండ నల్లని టేపుతో కప్పవలెను.